గోదావరి డెల్టాలో ఇంజన్ స్పేర్లు తుప్పు పట్టకుండా దాచడం ఎలా?

అమలాపురంలోనో నరసాపురంలోనో ఏ పాత మెకానిక్ షెడ్డులోనైనా అటక మీది గోనె మూట ఒకటి దింపి విప్పి చూడండి. ఆయిల్ రాసి, గోనె చుట్టి, తాడు కట్టి మరీ పెట్టిన క్రాంకు షాఫ్టు జర్నల్ (బేరింగులో తిరిగే నునుపైన గుండ్రటి భాగం) మీద గోనె నేత గళ్లు గళ్లుగా, ఎర్రగా అచ్చు దిగి ఉంటుంది. దాని మీద వాన చుక్క పడలేదు, వరద నీరూ తగల్లేదు. చుట్టిన రోజే తేమనీ ఉప్పునీ లోపల పెట్టి మూట బిగించారు, అంతే.

నిన్న మొన్నటి మోడళ్ల స్పేర్లు ఆర్డరు పెడితే రెండు మూడు రోజుల్లో వస్తాయి, వాటిని దాచే తాపత్రయం అక్కర్లేదు. మారుతి 800 తయారీ 2014 జనవరిలో ఆగింది, అంబాసిడర్ తయారీ అదే ఏడాది మేలో ఆగింది. ఇలాంటి బండ్లు నడిపేవాళ్లకు గీత పడని సిలిండర్ హెడ్డో, గ్రైండింగ్ చేయని స్టాండర్డ్ సైజు క్రాంకో దొరికితే బంగారం దొరికినట్టే. దాన్ని అయిదారేళ్లు చెడకుండా ఉంచాలంటే ముందు మన గాలి సంగతి తెలియాలి.

ఇక్కడి గాలితో చిక్కు ఎక్కడ

గాలిలో తేమ 60 శాతం దాటితే ఇనుముకు తుప్పు వేగం పెరుగుతుంది. డెల్టాలో ఏడాదిలో ఎక్కువ రోజులు అంతకంటే పైనే ఉంటుంది. దానికి ఉప్పు తోడైతే ఇక చెప్పేదేముంది. మామూలు ఉప్పు 75 శాతం తేమ దగ్గర గాలిలోని నీటిని లాక్కుని కరిగి ద్రవమైపోతుంది. సముద్రపు ఉప్పులో ఉండే మెగ్నీషియం క్లోరైడు అంతకంటే చాలా తక్కువ తేమకే ఆ పని చేస్తుంది. కంటికి కనిపించని ఉప్పు రేణువు ముక్క మీద ఉంటే, గది పొడిగానే ఉన్నట్టు అనిపించినా ఆ రేణువు చుట్టూ మాత్రం తడే. అంతర్వేది, ఓడలరేవు, ఉప్పాడ వైపు సముద్రపు గాలి నేరుగా తగిలే ఊళ్లకే ఇది పరిమితం కాదు. ఉప్పునీటి రొయ్యల చెరువుల గట్ల మీద ఏరియేటర్లు ఎగజిమ్మే తుంపరలోనూ ఉప్పుంటుంది.

రెండోది చెమట. గాలి 30 డిగ్రీలు, తేమ 80 శాతం ఉన్నప్పుడు 26 డిగ్రీలకు చల్లబడిన ఏ వస్తువు మీదైనా నీరు కడుతుంది. చల్లటి మజ్జిగ పోసిన గ్లాసు బయట కట్టినట్టే. ఇంజన్ బ్లాకు లాంటి బరువైన పోత ఇనుము రాత్రి చల్లబడితే మళ్లీ వేడెక్కడానికి గంటలు పడుతుంది. పొద్దున్నే షెడ్డు తలుపులు బార్లా తీస్తే లోపలికి వచ్చిన తడిగాలి నేరుగా దాని మీద నీరై కూర్చుంటుంది. శీతాకాలంలో మంచు పడే రోజుల్లో ఇది మరీ ఎక్కువ. వానాకాలంలో జాగ్రత్తగా ఉండి సంక్రాంతికి ఏమరుపాటుగా ఉండేవాళ్ల స్పేర్లు ఈ కాలంలోనే ఎర్రబడతాయి.

కాబట్టి వరస ఇలా ఉండాలి: ముందు ఉప్పు వదలాలి, తర్వాత ముక్క వేడిగా ఆరాలి, ఆ వేడి మీదే ఆయిల్ పూత పడాలి, చిన్న జాగాలో గాలి చొరకుండా మూతపడాలి. ఈ వరస తప్పితే తర్వాత ఎంత ఖరీదైన ఆయిల్ పూసినా దండగే.

ఏ గదిలో పెట్టాలి

రేకుల షెడ్డు అన్నిటికంటే చెడ్డది. పగలు ఉడికి, రాత్రి చల్లబడి రోజూ చెమట పట్టిస్తుంది. శ్లాబు ఇంట్లో లోపలి గది, బయటి గోడకు ఆనని బీరువా లేదా అలమారా మంచివి. వంటింటి అటక వద్దు. గ్యాసు మండితేనే నీటి ఆవిరి పుడుతుంది, దానికి అన్నం, చారు ఆవిర్లు అదనం. ఏసీ గదిలో పెట్టవచ్చు గానీ, అందులోంచి బయటికి తెచ్చిన ముక్కను కవరు విప్పకుండా రెండు మూడు గంటలు అలాగే వదలాలి. బ్లాకు అయితే రాత్రంతా వదలాలి. తెచ్చిన వెంటనే విప్పితే కళ్ల ముందే చెమట పడుతుంది.

గచ్చు మీద దేన్నీ నేరుగా పెట్టకండి. నేలలోంచి నెమ్ము గచ్చు గుండా పైకి వస్తూనే ఉంటుంది. కింద మందపాటి పాలిథీన్ షీటు, దాని మీద చెక్క లేదా ప్లాస్టిక్ పాలెట్, ఆ పైన ముక్క. గోడకు జానెడు ఎడం ఉంచండి. పాలెట్టు కోసం అప్పుడే కోసిన సరుగుడు, మామిడి చెక్కలు వాడొద్దు. పచ్చి చెక్కలోంచి నీటితో పాటు ఆమ్లపు ఆవిరి వస్తుంది. ఎండిన చెక్కకూ లోహానికీ మధ్య కూడా పాలిథీన్ ముక్క ఒకటి వేయాలి.

అదే గదిలో ఏమేం ఉన్నాయో చూసుకోవడం ఇంకా ముఖ్యం. బాత్రూమ్ కడిగే యాసిడ్ సీసా మూత వదులుగా ఉంటే దాని ఆవిరికి గదిలోని ఇనుమంతా రోజుల్లో తుప్పెక్కుతుంది. చెరువులకు వాడే బ్లీచింగ్ పౌడరు బస్తాలు, యూరియా, పొటాష్ నిల్వలు, ఛార్జింగ్‌లో ఉన్న బ్యాటరీ ఉన్న గదుల్లో స్పేర్లు పెట్టడం కంటే వాటిని అమ్ముకోవడం నయం. వెనిగర్ వాసన వచ్చే సిలికాన్ ట్యూబు తెరిచి వాడాక అదే పెట్టెలో పడేయడం చాలామందికి అలవాటు. ఆ వాసనే ఎసిటిక్ ఆమ్లం.

అలమారాలో అడుగున 40 వాట్ల పాతకాలపు బల్బు వెలిగించి ఉంచడం పాత పద్ధతే, ఇప్పటికీ పనికొస్తుంది. 30 డిగ్రీల దగ్గర 80 శాతం తేమ ఉన్న గాలిని 35 డిగ్రీలకు వేడి చేస్తే తేమ శాతం 60 దగ్గరికి దిగుతుంది. ఎల్ఈడీ బల్బుతో ఆ వేడి రాదు. బల్బుకు జాలీ కట్టండి, కాగితం గానీ కవరు గానీ తగలనివ్వకండి. పెట్రోలు, థిన్నరు ఉన్న చోట ఈ ఉపాయం జోలికి పోవద్దు.

కడగడం, ఆరబెట్టడం

చాలా షెడ్డుల్లో ముక్కను కిరోసిన్‌లో ముంచి, బ్రష్ కొట్టి, గుడ్డతో తుడిచేస్తే శుభ్రమైపోయినట్టే. జిడ్డు పోతుంది, నిజమే. కానీ ఉప్పు కిరోసిన్‌లో కరగదు, డీజిల్‌లోనూ పెట్రోలులోనూ కరగదు. నీళ్లతో కడిగితేనే పోతుంది. ఇనుప ముక్కకు నీళ్లు తగలనివ్వడం చాలామంది మెకానిక్కులకు మనసొప్పదు గానీ, డెల్టాలో ఈ మెట్టు వదిలేస్తే పని సగమే అయినట్టు.

ముందు కిరోసిన్‌తోనో డీజిల్‌తోనో జిడ్డు, కార్బన్ వదిలించండి. పెట్రోలు వాడకండి, నిప్పు ప్రమాదం ఉంది. తర్వాత పది లీటర్ల వేడి నీళ్లలో యాభై గ్రాముల బట్టల సబ్బు పొడి కలిపి, నైలాన్ బ్రష్‌తో కడగండి. ఆయిల్ దారుల్లోకి సన్నటి బాటిల్ బ్రష్ దూర్చి తోమాలి. అల్యూమినియం హెడ్డు, పిస్టన్లను సబ్బు నీటిలో నానబెట్టొద్దు, చకచకా కడిగేయాలి. కాస్టిక్ సోడా మాట అసలే ఎత్తొద్దు. పోత ఇనుప బ్లాకులను శుభ్రం చేసే కాస్టిక్ తొట్టెలో అల్యూమినియం వేస్తే అది కరగడం మొదలవుతుంది.

ఆఖరి జాలింపు నీటి విషయంలోనే మనవాళ్లు బోల్తా పడతారు. తీరప్రాంత మండలాల్లో బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి. వాటితో జాలిస్తే వదిలించిన ఉప్పును మళ్లీ రాసినట్టే. ఆర్వో క్యాను నీళ్లు గానీ పట్టి ఉంచిన వాన నీళ్లు గానీ వాడండి, బాగా వేడి చేసి పోయండి. చేతికి తాళలేనంత వేడిగా ఉంటే ముక్క దానంతట అదే ఆరడం మొదలుపెడుతుంది.

ఆ వెంటనే కంప్రెసర్ గాలి పట్టాలి. కంప్రెసర్ ట్యాంకు అడుగు కుళాయి తిప్పి నీళ్లు వదలకుండా గాలి కొడితే గాలితో పాటు నీటి తుంపర కూడా ముక్క మీద పడుతుంది. మన ఉక్కలో రోజూ ఆ ట్యాంకులో నీళ్లు చేరతాయి. ఆయిల్ రంధ్రాలన్నిటిలోకీ రెండు వైపుల నుంచీ గాలి కొట్టండి. తర్వాత డబ్ల్యూడీ-40 లాంటిది చల్లితే మూలల్లో మిగిలిన తడిని తోసేస్తుంది. కొత్తగా హోనింగ్ చేసిన (రాయితో సన్నగా రుద్దిన) సిలిండర్ బోరు కడిగిన కొద్ది నిమిషాలకే లేత నారింజ రంగుకు తిరుగుతుంది. కాబట్టి స్ప్రే డబ్బా చేతిలో పెట్టుకునే కడగడం మొదలుపెట్టాలి.

చివరగా ముక్కను వేడెక్కించండి. మిట్టమధ్యాహ్నం ఎండలో రేకు మీద గంటసేపు ఉంచితే చాలు. మబ్బు రోజుల్లో హెయిర్ డ్రయర్‌తోనో హీట్ గన్‌తోనో చేత్తో పట్టుకుంటే చురుక్కుమనేదాకా వేడి చేయండి. ఈ పనికి వేసవిలో పడమటి గాలి వీచే పొడి రోజుల్ని మించినవి లేవు. వాన కురుస్తుండగా ప్యాకింగ్ పెట్టుకోవద్దు. ఇక్కణ్నుంచి వట్టి చేతులతో ముక్కను తాకకండి. వేలిముద్రలో ఉన్న చెమట ఉప్పు వారం తిరక్కుండానే అదే ఆకారంలో తుప్పై తేలుతుంది. నైట్రైల్ చేతి తొడుగులు చవకే.

ఏ ఆయిల్

డబ్ల్యూడీ-40 తడిని తోసేయడానికి తయారైంది. నెలల తరబడి కాపలా కాసే పూత కాదు. కొత్త ఇంజన్ ఆయిల్ పూస్తే కొన్ని వారాల్లో కిందికి జారిపోయి పైభాగం బోసిపోతుంది. ఏడాదికి మించి దాచేదానికి తుప్పు నిరోధక ఆయిల్ విడిగా దొరుకుతుంది. క్యాస్ట్రాల్ వారి రస్టిలో శ్రేణి అలాంటిదే. ఇండస్ట్రియల్ ఆయిల్ డీలర్ల దగ్గర అడగాలి, మామూలు స్పేర్ల దుకాణంలో ఉండకపోవచ్చు. పూస్తే పలుచటి మైనం పొరలా నిలిచే రకం అడిగి తీసుకోండి. ఒక హెడ్డు, ఒక క్రాంకు, ఒక క్యామ్ షాఫ్టుకు కలిపి పావు లీటరు సరిపోతుంది. అంగుళం బ్రష్‌తో పూసి, ఆయిల్ దారుల్లోకి సిరంజితో కొంచెం ఎక్కించండి.

గ్రీజు పూయొచ్చా అంటే, పూయొచ్చు. జర్నళ్లు, ఫ్లైవీల్ ముఖం లాంటి నునుపైన చోట్ల పెట్రోలియం జెల్లీ గానీ లిథియం గ్రీజు గానీ బాగానే పని చేస్తాయి. ముక్క ఎముకలా ఆరి ఉండాలి, లేదంటే గ్రీజు కింద చిక్కిన తడి బయటికి పోలేక అక్కడే గుంటలు తవ్వుతుంది. ఆయిల్ రంధ్రాల్లో గ్రీజు కూరొద్దు, దూది కూడా కుక్కొద్దు. బిగించే రోజుకు ఆ దూది సంగతి ఎవరికీ గుర్తుండదు, బేరింగు కాలాకే బయటపడుతుంది.

పూయకూడనివి రెండున్నాయి. ఒకటి ఇంజన్ నుంచి దింపిన పాత ఆయిల్. దానిలో మసితో పాటు ఆమ్లాలు, నీరు ఉంటాయి. ఊరికే దొరుకుతుంది కదా అని పూస్తే అదే తినేస్తుంది. రెండోది కొబ్బరి నూనె. కోనసీమలో ఇంటింటా ఉంటుంది గానీ, నూనె గింజల నూనెలేవైనా గాలికి కంపుకొట్టి జిగురుకట్టి ఆమ్లం పుట్టిస్తాయి. తలకు రాసుకోండి.

చుట్టడం, మూయడం

మొదట చెప్పిన గోనె సంగతికి వద్దాం. గోనె గాలిలోని తేమను పీల్చి ముక్కకు ఆనించి ఉంచుతుంది. అది ఎరువుల బస్తా అయితే ఇక చెప్పక్కర్లేదు. పొటాష్ అంటే పొటాషియం క్లోరైడు, అంటే ఉప్పు లాంటిదే. కొబ్బరి పీచు, పీచు పొట్టులోనూ సహజంగానే ఉప్పు ఉంటుంది. ఉప్పుటేరు నీళ్లలో నానేసిన పీచైతే మరీను. ఊక, గడ్డి, న్యూస్ పేపరు, అట్టపెట్టె అన్నీ ఒకే తాను ముక్కలు.

వీసీఐ కాగితం లేదా వీసీఐ కవరు వాడండి. దాని నుంచి వెలువడే ఆవిరి లోహం మీద కనపడని పొరై తుప్పును ఆపుతుంది. మూసిన జాగాలోనే పని చేస్తుంది, తెరిచి ఉంచితే ఆవిరి ఎగిరిపోయి మామూలు కాగితం అయిపోతుంది. కాగితానికీ లోహానికీ మధ్య అడుగుకు మించి దూరం ఉండకూడదు. ఇనుముకు మాత్రమే పనికొచ్చేవి, అన్ని లోహాలకూ పనికొచ్చేవి వేర్వేరుగా ఉంటాయి. అల్యూమినియం, రాగి, ఇత్తడి కలిసిన ముక్కలకు రెండో రకమే అడగండి. కాగితం చుట్టి, పైన మందపాటి పాలిథీన్ కవరు తొడిగి, నోరు మడిచి టేపు వేయాలి. కవరులోని గాలిని వీలైనంత నొక్కి తీసేయండి.

చిన్న ముక్కలకు రింగు బిగించే మూత ఉన్న నీలం ప్లాస్టిక్ డ్రమ్ము మంచి సాధనం. కొనేటప్పుడు అందులో ఇంతకుముందు ఏముందో అడగండి. బ్లీచింగో యాసిడో ఉన్న డ్రమ్మును ఎంత కడిగినా నమ్మొద్దు. అందులో సిలికా జెల్ వేయాలి. ఎంత అన్నది చిన్న లెక్క. 30 డిగ్రీలు, 80 శాతం తేమ ఉన్న గాలి ఘనపు మీటరులో సుమారు 24 గ్రాముల నీరు ఉంటుంది. అంటే 50 లీటర్ల డ్రమ్ములో ఉన్న గాలిలో ఉండేది గ్రామున్నర లోపే. వంద గ్రాముల సిలికా జెల్ ఇరవై గ్రాముల దాకా పీల్చగలదు, కాబట్టి ఎక్కువే. మరి నెల తిరిగేసరికి జెల్ రంగు ఎందుకు మారుతోంది? ముక్కతో పాటు లోపల పెట్టిన అట్టపెట్టె వల్ల. మన తేమలో కిలో అట్టలో వంద గ్రాములకు పైగా నీరు నిలిచి ఉంటుంది. కంపెనీ అట్టపెట్టె ముచ్చటగా ఉందని డ్రమ్ములో పెట్టకండి. పార్టు నంబరు ఉన్న ముక్క కత్తిరించి, ఎండబెట్టి, జిప్ కవరులో వేసి పెట్టండి చాలు.

జెల్ నీలం నుంచి గులాబీకి, లేదా నారింజ నుంచి ఆకుపచ్చకు తిరిగితే నిండిపోయినట్టు. ఒవెన్‌లో 110 నుంచి 120 డిగ్రీల మధ్య రెండు గంటలు ఉంచితే మళ్లీ పనికొస్తుంది. ఎండలో పెడితే సరిగ్గా ఆరదు. నీలం రంగు జెల్‌లో కోబాల్ట్ ఉంటుంది, వంట గిన్నెల్లో వేడి చేయొద్దు.

క్రాంకు, హెడ్డు, బ్లాకు

క్రాంకును నేల మీద అడ్డంగా పడేస్తే తన బరువుకే నడుము వంగే ప్రమాదం ఉంది. ఫ్లైవీల్ వైపు ఫ్లాంజి (ఫ్లైవీల్ బిగించే పళ్లెం లాంటి చివర) కిందికి వచ్చేలా నిలబెట్టి, ఫ్లాంజి బోల్టు రంధ్రాల్లోంచి మందపాటి చెక్కకు బిగించండి. పైభాగాన్ని గోడకో స్టాండుకో బెల్టుతో కట్టాలి, లేకపోతే పిల్లి తగిలినా పడుతుంది. నిలబెట్టే చోటు లేకపోతే మెయిన్ జర్నళ్లన్నిటి కిందా ఆనేలా వీ ఆకారపు చెక్క దిమ్మెలు వేసి పడుకోబెట్టండి, చివర్లలో రెండే వేసి మధ్యను వేలాడదీయొద్దు. క్యామ్ షాఫ్టుకూ ఇదే. ప్రతి జర్నల్ మీదా ఆయిల్ పూసిన వీసీఐ కాగితం పట్టీ చుట్టి, దాని పైన పాత ట్యూబు ముక్క తొడిగితే దెబ్బ తగలదు.

హెడ్డును గ్యాస్కెట్ ముఖం కిందికి పెట్టి బల్ల మీద ఉంచకండి. వాల్వులు, క్యామ్ బిగించి ఉన్న హెడ్డులో కొన్ని వాల్వులు తెరుచుకుని ముఖం దాటి బయటికి వచ్చి ఉంటాయి. హెడ్డు బరువంతా వాటి మీద పడి కాండాలు వంగుతాయి. రెండు చివర్లా చెక్క దిమ్మెలు వేసి ముఖం గాలిలో ఉండేలా పెట్టండి. ఇంకా మేలైన పని, ముఖం మీద వీసీఐ కాగితం, పాలిథీన్, ఆపైన 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ వేసి రెండు హెడ్ బోల్టులు చేత్తో బిగించడం. ప్లగ్గు రంధ్రాల్లో పాత స్పార్కు ప్లగ్గులే వేయండి. ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ రంధ్రాలకు ప్లాస్టిక్ మూతలు వేయాలి, గుడ్డ కుక్కొద్దు. తెరిచి వదిలేస్తే మట్టి గూళ్లు కట్టే కందిరీగలు రెండు రోజుల్లో లోపల కాపురం పెడతాయి. ఆ మట్టి ఎండితే రాయి.

బ్లాకు అయితే బోర్లలో ఆయిల్ పూసి, పైనా కిందా కవరు మూసి, మెయిన్ క్యాపుల్ని (క్రాంకును బ్లాకుకు పట్టి ఉంచే మూతల్ని) వాటి వాటి స్థానాల్లో, బాణం గుర్తు తిరగబడకుండా, చేతి బిగువుతో వేసి ఉంచండి. క్యాపులు తారుమారైతే క్రాంకు కూర్చునే రంధ్రాలన్నిటినీ ఒకే వరసలో మళ్లీ కోయించే లైన్ బోరింగ్ పని తగులుతుంది. అంబాసిడర్ పాత డీజిల్‌లో బ్లాకూ హెడ్డూ రెండూ పోత ఇనుమే కాబట్టి నీటి దారులనూ మరిచిపోవద్దు. లోపల నీరు మిగిలితే బయట ఎంత పూసినా లోపలి నుంచి తినుకుంటూ వస్తుంది.

పూర్తి ఇంజన్‌ను విప్పకుండా దాచేటప్పుడు సిలిండర్లలో ఆయిల్ పోసి క్రాంకు నాలుగు చుట్లు తిప్పి మూసేస్తారు, అది సరే. క్లచ్ ప్లేటును మాత్రం విప్పి విడిగా పెట్టాలి. లేకపోతే తడికి ఫ్లైవీల్‌కు అతుక్కుపోతుంది. క్లచ్ ప్లేటుకు ఆయిల్ తగిలితే అది పనికిరాదు, పొడి కవరులో ఉంచండి.

చిన్నవి, సున్నితమైనవి

షెల్ బేరింగులు, రింగులు కంపెనీ సీలు తీయకుండా ఉంచడం ఉత్తమం. పాత వాల్వులు, లిఫ్టర్లు, పుష్ రాడ్లు వరస తప్పితే వాటి అరుగుదల కలవదు. ప్లాస్టిక్ పలకకు రంధ్రాలు చేసి, ఒకటి, రెండు అని అంకెలేసి గుచ్చండి. పిస్టన్ల దగ్గర ఇనుప ముక్కలు తగలనివ్వొద్దు. ఉప్పు తడిలో ఆ రెండూ ఆనితే అల్యూమినియం తెల్లటి పొడి రాలుస్తుంది.

డీజిల్ ఇంజెక్టర్ల లోపలి సందులు మైక్రాన్లలో ఉంటాయి. చిన్న తుప్పు చుక్కకే సూది పట్టేస్తుంది. టెస్టింగుకు వాడే క్యాలిబ్రేషన్ ఆయిల్ లోపల నింపి, రెండు చివర్లకూ మూతలు పెట్టి, ఒక్కోదాన్ని విడివిడి జిప్ కవరులో వేయాలి. డీజిల్‌తో నింపి ఏళ్లు ఉంచొద్దు, జిగురు కడుతుంది. టర్బోను ఆక్చుయేటర్ రాడ్డు పట్టుకుని ఎత్తొద్దు. ఆయిల్ దారిలో కొత్త ఆయిల్ పోసి షాఫ్టును చేత్తో తిప్పి, అన్ని రంధ్రాలూ మూయాలి.

ఆల్టర్నేటర్, స్టార్టర్ మీద ఆయిల్ చల్లకండి, బ్రష్‌లు పాడవుతాయి. వీటికి సిలికా జెల్ ఉన్న పొడి డబ్బాయే మందు. మూడు నెలలకొకసారి షాఫ్టు నాలుగు చుట్లు తిప్పితే బేరింగు గోళీలు ఒకే చోట ఆని గుంట పడకుండా ఉంటాయి. వాటర్ పంపునూ అలాగే తిప్పాలి, సీలు అంటుకోకుండా.

రబ్బరుకు ఎండ, వేడి, ఓజోను శత్రువులు. వెల్డింగ్ సెట్టు, మోటార్లు పని చేసే చోట ఓజోను పుడుతుంది. ఓ రింగుల్ని మేకుకు తగిలిస్తే సాగి ఆకారం పోతుంది, టైమింగ్ బెల్టును మడిస్తే లోపలి పోగులు తెగుతాయి. బల్లపరుపుగా, చీకట్లో ఉంచండి. రబ్బరు వస్తువుల నిల్వకు ఉన్న ఐఎస్ఓ 2230 ప్రమాణం ప్రకారం నైట్రైల్ రబ్బరు సీళ్లకు ఏడేళ్లు, వైటాన్, సిలికాన్ రకాలకు పదేళ్లు. మన వేడిలో అంతకంటే ముందే మార్చడం మంచిది. హెడ్ గ్యాస్కెట్‌ను రెండు ప్లైవుడ్ పలకల మధ్య పడుకోబెట్టాలి. గోడకు వేలాడదీసిన గ్యాస్కెట్ వంగి, పై పూత పగిలి, బిగించాక నీళ్లు కారుస్తుంది.

వరద రోజుల్లో

లంక గ్రామాల్లోనూ ఏటిగట్లకు దగ్గరగానూ ఉన్నవాళ్లు 1986 ఆగస్టులో, 2022 జులైలో నీళ్లు గోడ మీద ఎక్కడిదాకా వచ్చాయో ఆ గుర్తుకు రెండడుగుల పైన అర కట్టించుకోవాలి. అంత ఎత్తు కుదరనివి, బరువైనవి ముందే మేడ మీదికి చేర్చాలి. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక 11.75 అడుగులకు, రెండోది 13.75కి, మూడోది 17.75కి ఇస్తారు. రెండో హెచ్చరిక దాకా ఆగితే మోసే మనుషులు దొరకరు, ఎవరి సామాను వాళ్లకే ఉంటుంది. ఎగువన భద్రాచలంలో మట్టం పెరుగుతోందన్న కబురు రాగానే కదలండి.

మూత బిగించిన డ్రమ్ము నీట మునగదు, తేలి కొట్టుకుపోతుంది. 50 లీటర్ల డ్రమ్ముకు లోపలి బరువుతో కలిపి యాభై కిలోలు లేకపోతే తేలుతుంది. స్తంభానికి తాడేసి కట్టండి.

ముక్క మునిగిపోతే ఆరనివ్వకండి. బురద తడిగా ఉండగానే మంచి నీళ్లతో కడగండి. ఎండిన గోదావరి ఒండ్రు బేరింగుల్లో గరుకు పొడిలా పని చేస్తుంది. అప్పటికప్పుడు విప్పి శుభ్రం చేసే వీలు లేకపోతే కడిగాక డీజిల్ నిండిన తొట్టెలో ముంచి ఉంచండి, గాలి తగలదు. మునిగిన బాల్ బేరింగులు, ఆల్టర్నేటర్లు కడిగి దాచే ప్రయత్నం మానేసి పక్కన పెట్టడమే ఉత్తమం.

చూసుకోవడం, మళ్లీ వాడడం

ఏడాదికి రెండుసార్లు చూస్తే చాలు: మే చివర్లో, తుపాన్ల కాలం దాటాక డిసెంబరులో. కవరును మధ్యాహ్నం వేళే విప్పండి. ప్రతి ముక్కకూ రెండు చీటీలు ఉండాలి, కవరు లోపల ఒకటి, బయట ఒకటి. పేరు, బండి, సైజు, ప్యాక్ చేసిన నెల, ఏ ఆయిల్ పూశారో రాయాలి. సిరా ఆయిల్‌కు చెరుగుతుంది, పెన్సిల్ నిలుస్తుంది. కూల్ డ్రింక్ టిన్ను కత్తిరించి మేకుతో అక్షరాలు గీకినా బాగానే ఉంటుంది. అంచులకు చేయి తెగకుండా మడవండి.

సూది మొనంత ఎర్ర చుక్కలు కనిపిస్తే 0000 నంబరు (నాలుగు సున్నాల, అతి సన్నటి రకం) స్టీల్ ఉన్నికి ఆయిల్ తడిపి మెల్లగా రుద్ది, మళ్లీ మొదటి నుంచి కడిగి, ఆరబెట్టి పూయండి. క్రాంకు జర్నల్ మీద మాత్రం ఎమరీ పేపరు పట్టి గీకొద్దు, గుండ్రం పోతుంది. తుప్పు తుడిచిన చోట గోరు జారిస్తే తట్టుకుంటే గ్రైండింగ్ షాపుకే వెళ్లాలి, గోరు తగలకపోతే వాడుకోవచ్చు.

ఇంజన్‌కు బిగించే రోజున మైనం పూతంతా కిరోసిన్‌తో కడిగేయాలి, అది ఇంజన్ ఆయిల్‌లో కలిస్తే ఫిల్టరు పూడుతుంది. ఆయిల్ దారుల్లో మరోసారి గాలి కొట్టి, ఒక వైపు నుంచి పోసిన ఆయిల్ ప్రతి రంధ్రంలోంచీ బయటికి వస్తోందో లేదో కళ్లతో చూడండి. పెట్టిన మూతలు, ప్లగ్గులు, కాగితం పట్టీలు ఎన్నో ప్యాక్ చేసిన రోజే చీటీ మీద రాసి ఉంటే, తీసినవి లెక్కపెట్టుకుని సరిపోయాకే హెడ్డు బిగించండి. స్టార్టు చేసే ముందు ఇంజెక్టర్ల లేదా ఇగ్నిషన్ కనెక్షను తీసి, ఆయిల్ ప్రెషర్ దీపం ఆరేదాకా స్టార్టర్‌తో పది సెకన్ల చొప్పున, మధ్యలో ఆపుతూ తిప్పండి.